పీలింగ్ హాలు ఎందుకు ఖాళీ అయింది? పలాస జీడిపప్పు మిల్లులో మూడేళ్ల పని

“నలభై మంది ఆడవాళ్లు కావాలండి. దసరా లోపు. ఎంతవుతుందో చెప్పండి.”

2022 ఆగస్టులో పలాస నుంచి ఒక జీడిపప్పు మిల్లు యజమాని ఫోన్ చేసి అన్న మాట ఇది. నేను పైడిభీమవరం ఫార్మా బెల్టులో పన్నెండేళ్లు హెచ్ఆర్ పని చేసి, శ్రీకాకుళంలో సొంత కన్సల్టెన్సీ పెట్టుకుని అప్పటికి ఏడాదిన్నర. ఆఫీసు అద్దె, ఇంటి ఈఎంఐ ఒకే వారంలో కట్టాల్సిన రోజులు. మనిషికింత అని ఫీజు మాట్లాడుకున్నాం. ఉన్నవాళ్లు ఎందుకు పోయారని నేను అడగలేదు. ఈ కేసులో మొదటి తప్పు అదే, చేసింది నేనే.

ఆటోకు మైకు కట్టి మందస, వజ్రపుకొత్తూరు మండలాల ఊళ్లలో తిప్పాం. కరపత్రాలు పంచాం. ఒకరిని తెచ్చినవాళ్లకు 500 రూపాయలన్నాం. మూడు వారాల్లో నలభై మూడు మంది వచ్చారు. యజమాని సంతోషించి నా బిల్లు ఆ రోజే చెల్లించారు. దీపావళి దాటేసరికి వాళ్లలో తొమ్మిది మందే మిగిలారు. పాతవాళ్లలో ఇంకో ఏడుగురు వెళ్లిపోయారు. మళ్లీ ఫోన్. ఈసారి గొంతు వేరు.

“మీరు తెచ్చినోళ్లు నిలబడే రకం కాదండి. మా దగ్గర ఆడవాళ్లకి ఇప్పుడు పని చెయ్యాలన్న బుద్ధి లేదు. ఇంట్లో కూర్చుంటే పథకాల డబ్బులు వస్తున్నాయి కదా!”

ఈ మాట జిల్లాలో ఏ యజమానిని కదిపినా వినిపిస్తుంది. ఇటుక బట్టీ వాళ్లూ అంటారు, బట్టల షాపు వాళ్లూ అంటారు. నేను కూడా అన్నవాణ్ణే. కానీ అదే పలాసలో, అదే రేటుకు, రెండు వీధుల అవతల ఉన్న ఇంకో మిల్లులో పప్పు పొట్టు వలిచే పీలింగ్ హాలు నిండుగా ఉంది. పథకాలు ఆ వీధికి రావా? ఈసారి ఫీజు మాట ఎత్తకుండా, వారం రోజులు హాల్లో కూర్చుంటానన్నాను. ఆయనకు నచ్చలేదు. “కూర్చుని ఏం చేస్తారు?” అన్నారు. సరేనన్నారు గానీ.

మిల్లు ఎక్కడి నుంచి ఎక్కడికి వచ్చింది

ఈ మిల్లు ఆయన తండ్రి పెట్టింది. అప్పట్లో పలాస చుట్టుపక్కల ఉద్దానం తోటల పిక్క, అంటే తొక్కతో ఉన్న జీడిగింజ. ఇనప డ్రమ్ములో కాల్చేవారు, చెక్క సుత్తితో కొట్టి పప్పు తీసేవారు, బోర్మా అనే వేడి గదిలో ఆరబెట్టి పొట్టు వలిచేవారు. పప్పు టిన్నుల్లో బ్రోకర్ దగ్గరికి వెళ్లేది. గుండు (విరగని పప్పు) నిండుగా, రంగు తెల్లగా ఉంటే బ్రోకర్ ఇంకేమీ అడిగేవాడు కాదు.

2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను ఈ తీరాన్నే దాటింది. ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు వేళ్లతో సహా లేచిపోయాయి. మళ్లీ నాటిన జీడి మొక్క చెప్పుకోదగ్గ కాపుకు రావాలంటే నాలుగైదేళ్లు. ఆఫ్రికా పిక్క పలాసకు అంతకుముందూ వచ్చేదే గానీ, తిత్లీ తర్వాత ఈ మిల్లు దాదాపు దాని మీదే నడిచింది. ఐవరీ కోస్ట్ నుంచి ఒక లాటు, బెనిన్ నుంచి ఒకటి, టాంజానియా నుంచి ఇంకొకటి. ఒక్కో దేశం పిక్క ఒక్కో సైజు, ఒక్కో తేమ. తొక్క మందం కూడా తేడానే.

అదే సమయంలో డ్రమ్ము పోయి ఆవిరి కుక్కర్ వచ్చింది. సుత్తి పోయి కటింగ్ మిషన్లు వచ్చాయి. వియత్నాం వాళ్లు మిషన్ల మీద పప్పు తీసి ప్రపంచమంతా అమ్ముతుంటే చేత్తో కొట్టే మిల్లు ధరలో నిలబడలేదు. కొనేవాడూ మారాడు. సూపర్ మార్కెట్‌కు, ఆన్‌లైన్‌కు పావుకిలో ప్యాకెట్లు వేసే ప్యాకర్లు వచ్చారు. వాళ్లు తేమ ఎంత శాతం, ముక్క ఎంత శాతం అని కాగితం మీద అడుగుతారు. డబ్ల్యూ 320 గ్రేడు అని రాస్తే పౌనుకు 300 నుంచి 320 విరగని పప్పులు తూగాల్సిందే. తేడా వస్తే లాటు మొత్తం వెనక్కి.

పిక్క, మిషను, కొనేవాడు అన్నీ మారాయి. పీలింగ్ హాల్లో కూలి లెక్క మాత్రం తండ్రిగారి కాలంలోదే: వలిచిన పప్పు కిలోకు ఇంత, ముక్క ఎక్కువైతే కోత.

హాల్లో వారం

మొదటి రెండు రోజులు నాతో ఎవరూ మాట్లాడలేదు. లేబర్ ఆఫీసు నుంచి వచ్చాననుకున్నారు. మూడో రోజు నేనూ ఒక ట్రే ముందేసుకుని పొట్టు వలవడం మొదలుపెట్టాను. గంట సేపు వలిచి పావుకిలో కూడా చేయలేదు, అందులో సగం ముక్కలు. పక్కన కూర్చున్న పెద్దావిడ నవ్వు ఆపుకోలేక, “సారూ, మీకు కూలి రాదు, మీరే ఎదురు కట్టాల” అంది. హాల్లో అందరూ ఆమెను అప్ప (అక్క) అంటారు. ఇరవై ఏళ్లకు పైగా అదే హాల్లో ఉంది. నేనూ అప్ప అనే పిలుస్తాను.

అసలు విషయం ఆమే చూపించింది. రెండు ట్రేలు నా ముందు పెట్టింది. ఒక దాంట్లో పప్పు వేళ్ల మధ్య నలిపితే చాలు, పొట్టు గాలికి ఎగిరిపోతోంది. రెండో దాంట్లో కత్తిమొనతో గీకినా రావట్లేదు, గట్టిగా గీకితే పప్పు విరుగుతోంది. “రెండిటికీ ఒకటే రేటు. ఏ ట్రే ఎవులికి వస్తాదో మేస్త్రి ఇష్టం” అంది.

ఎందుకిలా అవుతోందో ఆమెకు తెలుసు, కటింగ్ వాళ్లకూ తెలుసు. యజమానికి మాత్రం ఎవరూ చెప్పలేదు. కొత్తగా ఈ రంగంలోకి వచ్చే హెచ్ఆర్ వాళ్లకు ఇది తెలియాలి కాబట్టి కొంచెం విడమరుస్తాను.

పప్పు బోర్మాలో సుమారు 70 డిగ్రీల వేడిలో ఆరు నుంచి ఎనిమిది గంటలు ఉండి, తేమ 3 శాతం దగ్గరికి దిగి బయటికి రావాలి. తక్కువ ఆరితే పొట్టు పప్పును అంటిపెట్టుకునే ఉంటుంది. ఎక్కువ ఆరితే పప్పు పెళుసెక్కి ముట్టుకుంటే విరుగుతుంది. ఈ మిల్లులో పొద్దున్నా రాత్రీ వేర్వేరు మనుషులు బోర్మా చూసేవారు. వేడి ఎంతుందో, ఎన్ని గంటలైందో రాసే పుస్తకం లేదు. ఇక కటింగ్ మిషన్లో బ్లేడుల మధ్య సందు పిక్క సైజును బట్టి సర్దాలి. మిశ్రమ సైజు లాటును జల్లెడ పట్టకుండా ఒకేసారి పోస్తే చిన్న పిక్క సరిగా తెగదు, పెద్ద పిక్కలో పప్పుకు గాటు పడుతుంది. గాటు పడిన పప్పు పీలింగ్‌లో ఎవరు ముట్టుకున్నా రెండు ముక్కలవుతుంది. విరిగింది మిషన్లో, కోత పడింది పీలింగ్ మనిషికి.

లెక్క కోసం కిలోకు 40 రూపాయలనుకుందాం. పొట్టు తేలిగ్గా వదిలే పప్పైతే చురుకైన మనిషి రోజుకు 8 కిలోలు వలుస్తుంది, 320 రూపాయలు. మొండి పప్పైతే 5 కిలోలు దాటదు, 200. అందులోంచి ముక్క కోత. రేటు ఒక్క పైసా తగ్గించకుండానే కూలి మూడో వంతుకు పైగా పడిపోయింది. “మేం రేటు తగ్గించలేదండీ” అని యజమాని అన్నప్పుడు ఆయన అబద్ధమాడలేదు. శనివారం కూలి బట్వాడాలో చేతికి తక్కువొచ్చిన మనిషీ అబద్ధమాడలేదు. నేను మైకు కట్టి తెచ్చినవాళ్లకు పని చేతికి అలవాటు కాలేదు, మొండి ట్రేలన్నీ మేస్త్రి వాళ్లకే తోశాడు. రెండు బట్వాడాలు చూసుకుని వెళ్లిపోయారు. నేను వాళ్ల స్థానంలో ఉంటే ఒక్క బట్వాడాకే వెళ్లిపోయేవాణ్ణి.

పక్క వీధి మిల్లు నిండుగా ఉండటానికి కారణం కూడా బయటపడింది. అక్కడ బోర్మా దగ్గర ఇరవై ఏళ్లుగా ఒకే మనిషి. అంతే!

కాబట్టి ఖాళీ పీలింగ్ హాల్లో కనబడుతోంది గానీ ఉన్నది బోర్మా దగ్గర, కటింగ్ మిషన్ల దగ్గర. అక్కడ పనితనం ఉన్న ఇద్దరు దొరికితే నలభై మందిని వెతకాల్సిన పని ఉండదు. వారం చివర యజమానితో ఇదే చెప్పాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, “అయితే ఒక మేనేజర్ని పెడదాం, చదువుకున్నోణ్ణి” అన్నారు.

మేనేజర్ వచ్చాడు, వెళ్లాడు

ఇక్కడ నేను గట్టిగా అడ్డుపడాల్సింది. పడలేదు. జాబ్ పోర్టల్లో ప్రకటన ఇచ్చాం. ఆహార పరిశ్రమలో పదిహేనేళ్ల అనుభవం ఉన్న ఒకాయన వేరే రాష్ట్రం నుంచి వచ్చారు. మిల్లులో అప్పటి దాకా ఎక్కువ జీతం ఎవరిదో దానికి మూడింతలు ఆయన జీతం. ఆయనకు పని తెలుసు, ఆ విషయంలో నాకు ఇప్పటికీ అనుమానం లేదు. మొదటి నెలలోనే బోర్మాకు థర్మామీటర్, రాతపుస్తకం పెట్టించారు.

కానీ మిల్లులో గొంతులు రెండయ్యాయి. ఆయన పొద్దున ఒకటి చెబుతారు, యజమాని సాయంత్రం మేస్త్రికి ఫోన్ చేసి ఇంకొకటి చెబుతారు. సైజులవారీగా జల్లెడ పట్టాకే కటింగ్‌కు వెళ్లాలని మేనేజర్ ఆర్డర్. లోడు రేపే పోవాలి, పోసెయ్యమని యజమాని ఫోన్. మేస్త్రి ఎవరి మాట వింటాడు? కూలీలు ఎవరి మాట నమ్ముతారు? ఆయనకు తెలుగు రాకపోవడం ఒక ఇబ్బందే గానీ అసలు కారణం అది కాదు. సరిహద్దు కాబట్టి హాల్లో సగం మందికి ఒడియా వచ్చు, భాష తెలియని మనిషితో పని నడుపుకోవడం వాళ్లకు కొత్తేం కాదు. అయిదో నెలలో ఆయన నాకు ఫోన్ చేసి, “నాకు జీతం ఇస్తున్నారు గానీ నా మాట చెల్లనివ్వడం లేదు” అన్నారు. ఏడో నెలలో వెళ్లిపోయారు.

యజమాని దీన్ని “బయటోళ్లు నిలబడరు” అనే లెక్కలో వేసేశారు. నేను ఈసారి ఊరుకోలేదు. ఆయన ఫోన్‌లో కాల్ లిస్టు తీయించి, ఆ నెలలో మేస్త్రికి రాత్రి ఏడు తర్వాత ఎన్నిసార్లు ఫోన్ చేశారో ఆయన చేతే లెక్కపెట్టించాను. అరవై ఒకటి. కొంచెం దురుసు పనే. కన్సల్టెంట్‌గా అక్కడితో నా పని అయిపోయిందనుకున్నాను. రెండు వారాలు మాట్లాడలేదు కూడా. తర్వాత ఆయనే కారేసుకుని శ్రీకాకుళం వచ్చారు, అరసవల్లి దర్శనం చేసుకుని అటునుంచి నా ఆఫీసుకు. “మా నాన్న ఉన్నప్పుడు మిల్లులో ఉన్నది ముప్పై మంది. అందరితో ఆయనే మాట్లాడేవాడు. నేనూ అలాగే నడుపుతున్నా. ఇప్పుడు నూట యాభై మంది” అన్నారు. ఈ కేసులో నాకు అన్నిటికన్నా గుర్తుండిపోయిన మాట ఇదే. ఆయన దగ్గర లోపం కోపమో పిసినారితనమో కాదు, పాత అలవాటు. ముప్పై మందికి సరిపోయిన పద్ధతి నూట యాభై మందికి సరిపోలేదు.

ఆ రోజు ఒప్పుకున్న షరతు ఒకటే. ఎవరిని పెట్టుకున్నా సరే, వాళ్ల విభాగంలో పనిచేసేవాళ్లకు యజమాని నేరుగా ఆర్డర్ వేయకూడదు. తిట్టాలంటే విభాగం చూసే మనిషిని తిట్టవచ్చు, అదీ గదిలో.

పండక్కి ఇంటికొచ్చినవాళ్లు

మళ్లీ ప్రకటన ఇవ్వదలచుకోలేదు. అప్పతో, మరో పదిమంది ఆడవాళ్లతో కూర్చుని ఒక నోట్‌బుక్ రాశాం. మీ ఊరి నుంచి బయటికెళ్లిన కుర్రాళ్లు ఎవరెవరు, ఎక్కడ, ఏం పని? శ్రీకాకుళం జిల్లాలో ఈ ప్రశ్నకు ప్రతి గడప దగ్గరా జవాబుంటుంది. హైదరాబాద్‌లో బిల్డింగు పని, చెన్నైలో హోటలు, గుజరాత్ వేరావల్లో బోట్లు, గల్ఫ్‌లో వెల్డింగు. నాలుగు రోజుల్లో ఇరవై ఊళ్ల పేర్లతో నోట్‌బుక్ నిండింది. అందులో ఫిట్టర్లున్నారు, బాయిలర్ దగ్గర పనిచేసినవాళ్లున్నారు, బిస్కెట్ ఫ్యాక్టరీలో, మందుల ఫ్యాక్టరీలో క్వాలిటీ చూసినవాళ్లున్నారు. పోర్టల్లో వీళ్లెవరూ కనబడరు, వీళ్లకు రెజ్యూమే లేదు.

వీళ్లంతా ఒకేసారి ఊళ్లో ఉండేది సంక్రాంతికే. 2024 భోగికి రెండు రోజుల ముందు నుంచి ముక్కనుమ దాకా ఊళ్లు తిరిగాం. ఉద్యోగం అనే మాట వాడలేదు, మిల్లు చూసి పొమ్మన్నాం. కనుమ మర్నాడు పందొమ్మిది మంది వచ్చారు. ఇంటర్వ్యూ లేదు. మూడు ట్రేల పప్పు, ఒక తేమ మీటరు, సరిగా సర్దని ఒక కటింగ్ మిషను ముందు పెట్టి, ఇందులో ఏం తేడా ఉందో చెప్పమన్నాం. కొందరు మీటరు చూసి అంకె చెప్పి ఊరుకున్నారు. ఒకతను అంకె చూశాక కూడా పప్పు కొరికి చూశాడు, తర్వాత బోర్మా దగ్గరికి వెళ్లి ఏ మూల వేడి ఎక్కువగా ఉందో చేయి పెట్టి చూశాడు. ఎవరిని తీసుకోవాలో చర్చ అక్కర్లేకపోయింది.

అతను మందుల కంపెనీలో డ్రయ్యర్ దగ్గర ఎనిమిదేళ్లు పనిచేశాడు. ఇక్కడ మేం ఇవ్వగలిగింది అక్కడి జీతం కన్నా నాలుగు వేలు తక్కువ. అయినా ఎందుకు వస్తానన్నాడంటే, వాళ్లమ్మకు డయాలసిస్. వారానికి మూడుసార్లు, ఒక్కోసారి నాలుగు గంటలు. ఉద్దానంలో కిడ్నీ జబ్బుల గురించి తెలిసినవాళ్లకు ఇది కొత్త సంగతి కాదు. 2023 డిసెంబర్ 14న పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. వైద్యం దగ్గరికి వచ్చింది, తీసుకెళ్లే కొడుకు మాత్రం వంద కిలోమీటర్ల పైన ఉన్నాడు.

మేం షిఫ్టును అతని చుట్టూ సర్దాం. డయాలసిస్ రోజుల్లో తెల్లవారుజామున నాలుగుకు బోర్మా దించి, పదింటికి వెళ్లిపోతాడు. అది చూశాక హాల్లో కూడా అడిగాం. ఇంట్లో డయాలసిస్ మనుషులున్నవాళ్లు హాల్లోనే పదకొండు మంది తేలారు. అప్పటి దాకా రిజిస్టర్లో వాళ్ల పేరు ఎదురుగా ఉన్నది ‘తరచు నాగా’ అనే ముద్ర. ఆ పదకొండు మందికి సగం రోజు హాజరు లెక్క పెట్టాం. ఇది దయ కాదు. వాళ్లు పలాస వదిలి ఎక్కడికీ వెళ్లలేరు, ఏ మిల్లు ఆ సగం రోజు ఇస్తే అక్కడే ఉంటారు. యజమానికి నేను చెప్పింది కూడా ఈ లెక్కే. దయ అని చెబితే ఒక నెల చేసేవారు.

బ్లేడులు సర్దడానికి ఐటీఐ ఫిట్టర్ కుర్రాళ్లను ఇద్దరిని అప్రెంటిస్‌లుగా తీసుకున్నాం. జాతీయ అప్రెంటిస్‌షిప్ పథకం కింద స్టయిపెండ్‌లో 25 శాతం, నెలకు 1,500 రూపాయలకు మించకుండా, కేంద్రం ఇస్తుంది. చిన్న మిల్లులు దీన్ని వాడుకోవడం తక్కువే, ఆన్‌లైన్ పనికి భయపడతారు. ఒక కుర్రాడు చక్కగా కుదిరాడు. రెండోవాడు ఆరు నెలలకు ఆర్మీ ర్యాలీ అంటూ వెళ్లాడు. ఈ జిల్లాలో అది ఉండేదే, దాన్ని నష్టంగా రాసుకోలేదు.

ఆన్‌లైన్ ఆర్డర్లు చూడటానికి డిగ్రీ చదివిన ఇద్దరమ్మాయిలను పెట్టాం. ఆ భాగం ఇంకా కుదురుకోలేదు. కుదిరాక దాని గురించి రాస్తాను.

బోర్డు మీద రేటు

అన్నిటికన్నా గొడవైంది కూలి లెక్క దగ్గర. పద్ధతి చెప్పడానికి తేలిక. పొద్దున హాలు తెరవగానే ఆ రోజు పప్పులోంచి శాంపిల్ తీస్తారు. ఇద్దరు అరగంట వలుస్తారు, ఒకరు కూలీల తరఫున, ఒకరు మిల్లు తరఫున. ఎంత వచ్చిందో తూచి, పప్పు తేలికా, మధ్యరకమా, మొండా తేలుస్తారు. మూడింటికీ మూడు రేట్లు. ఆ రోజు రేటు గోడ మీద నల్లబోర్డుకు ఎక్కుతుంది. గాటు పడిన పప్పును కటింగ్ దగ్గరే ఏరి పక్కన పెడతారు, అది పీలింగ్ మనిషి లెక్కలోకి రాదు. సాయంత్రం తూకం చీటీ ఎవరిది వాళ్ల చేతికి.

మొండి పప్పు రోజున మిల్లుకు కిలో మీద ఖర్చు పెరుగుతుంది. యజమాని అందుకే భయపడ్డారు. నేను ఆశించింది కూడా అదే. బోర్మా పాడైతే ఆ నష్టం ఇంతకాలం ఆడవాళ్ల వేళ్ల మీద పడి మాయమైపోయేది. ఇప్పుడు బోర్డు మీద పడుతుంది, పొద్దున తొమ్మిదికల్లా ఆయన కంటికి కనబడుతుంది. మొదటి నెల మొండి రోజులు తొమ్మిది. బోర్మా పుస్తకం తెప్పించుకుని ఆయన రోజూ చదవడం మొదలుపెట్టింది ఆ నెలలోనే. నాలుగో నెలకు మొండి రోజులు రెండు.

మేస్త్రి సంగతి. తూకం, ట్రేల పంపకం అతని చేతిలోంచి పోయాయి. పాతికేళ్లు మిల్లును నమ్ముకున్న మనిషి, చెడ్డవాడనలేను. సరుకు దించే పని చూడమన్నాం, అవమానంగా తీసుకున్నాడు. ఒక బట్వాడా మర్నాడు పద్నాలుగు మందిని వెంటబెట్టుకుని వేరే మిల్లుకు వెళ్లిపోయాడు. ఆ వారం నాకు నిద్ర లేదు. పద్నాలుగు మందిలో ఎనిమిది మంది రెండు నెలల్లో తిరిగొచ్చారు. అతను రాలేదు. అతనితో ముందే, బోర్డు పెట్టకముందే, కూర్చుని మాట్లాడి ఉండాల్సింది. పాత మనిషి పని తీసేసేటప్పుడు ఆ సంగతి అతను అందరితో పాటు హాల్లో నిలబడి వినడం ఎలా ఉంటుందో నేను ఆలోచించలేదు.

అతని స్థానంలో సూపర్‌వైజర్ ఎవరు? యజమాని బీకాం చదివిన బంధువుల అబ్బాయిని అనుకున్నారు. నేను అప్పను అనుకున్నాను. ఆమెను అడిగితే ఒక్క మాటలో తోసేసింది.

“నాను సూపర్‌వైజరయితే నా పక్కన కూకుని అన్నం ఎవులు తింటారు బాబూ?”

నాకు జవాబు తోచలేదు. ఆమె మళ్లీ మామూలుగా, “శాంపిలు వలవమంటే వలుస్తాను. తూకం అబద్ధమైతే సెప్తాను. అదొక్కటీ సాలు” అంది. అలాగే చేశాం. నెల జీతం మీద శాంపిల్ పని, కూలీల తరఫున. ఎక్కువ సంతకాలు పెట్టే పని లేదు. రాతపని, ఆహార భద్రత రికార్డులు, ఈఎస్‌ఐ, పీఎఫ్ కాగితాలు చూడటానికి పీలింగ్‌లోనే ఉన్న ఇంటర్ చదివిన అమ్మాయిని ఎంచుకున్నాం, ఆహార భద్రత సూపర్‌వైజర్ ట్రైనింగుకు పంపాం. చదువుకున్న మనిషి కోసం నేను పోర్టళ్లు వెతుకుతుంటే ఆమె నాలుగేళ్లుగా మూడో వరుసలో కూర్చుని పొట్టు వలుస్తోంది! బంధువుల అబ్బాయికి కోపం వచ్చింది, వాళ్లింట్లో పెళ్లికి యజమానిని సరిగ్గా పలకరించలేదట.

నియామక పత్రాలు కూడా అప్పుడే ఇచ్చాం, తెలుగులో, ఒక పేజీ. 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చిన లేబర్ కోడ్‌లలో ఎలాగూ ప్రతి కార్మికుడికీ నియామక పత్రం తప్పనిసరి అయింది. ముందే చేయడం వల్ల ఒక లాభం జరిగింది. బ్యాంకులో డ్వాక్రా కాకుండా సొంత పేరున లోను అడగడానికి ముగ్గురు ఆ కాగితం పట్టుకెళ్లారు. ఒకామెకు వచ్చింది.

కుదరనివీ చెబుతాను. రాత్రి షిఫ్టు పెట్టాలని చూశాం, ఆటో మిల్లు ఖర్చుతోనే ఇస్తామన్నా ఇళ్లలో ఒప్పుకోలేదు, మూడు వారాల్లో ఆపేశాం. నెలంతా నాగా లేకపోతే బోనస్ అని పెట్టాను. జ్వరంతో ఉన్న మనిషి బోనస్ పోతుందని వచ్చి కళ్లు తిరిగి పడిపోయింది. ఆ మర్నాడే తీసేశాం. ఫార్మా కంపెనీలో నేర్చుకొచ్చిన పద్ధతి అది, ఇక్కడ పెట్టే ముందు ఒక్కసారి కూడా ఆలోచించలేదు. వాట్సాప్ గ్రూపు పెడితే సగం మంది ఫోన్లు కొడుకుల దగ్గరున్నాయి. నల్లబోర్డే నయం.

ఇప్పుడు

2022లో అడిగిన నలభై మందిని మేం మళ్లీ వెతకలేదు. నిరుడు దసరా లోడు పాతవాళ్లతోనే, తిరిగొచ్చినవాళ్లతోనే, వాళ్లు వెంటబెట్టుకొచ్చిన చెల్లెళ్లతోనే వెళ్లింది. ప్యాకర్ నుంచి వెనక్కి వచ్చిన లాటు ఏడాదిలో ఒక్కటే. యజమాని రాత్రి ఏడు తర్వాత ఫోన్ పూర్తిగా మానలేదు, కానీ ఇప్పుడు చేసేది బోర్మా అబ్బాయికి, అదీ “ఏం చెయ్యమంటావ్?” అని అడగడానికి.

ఈ సంక్రాంతి తర్వాత ఆయన నన్ను పిలిచి ఒక కొటేషన్ చూపించారు. గాలి ఒత్తిడితో పొట్టు తీసే పీలింగ్ మిషన్. పక్కన రంగు చూసి ఏరే సార్టర్. పలాసలో పెద్ద మిల్లులు అటే వెళ్తున్నాయి, ధరలో నిలబడాలంటే ఈయనకూ తప్పదు. “హాల్లో ఎప్పుడు చెప్పమంటారు, మిషను దిగాకా?” అని అడిగారు. ఆర్డర్ ఇవ్వకముందే చెప్పమన్నాను. మేస్త్రి విషయంలో నేను చేసింది ఆయనకూ గుర్తుంది.

శనివారం బట్వాడాకు ముందు హాలు మధ్యలో నిలబడి ఆయనే చెప్పారు. కాగితం చూడలేదు. మిషను ఎందుకు కొంటున్నారో, ఎన్ని నెలల్లో వస్తుందో, గ్రేడింగ్‌లోకి, ప్యాకింగ్‌లోకి ఎంతమందిని తీసుకోగలరో చెప్పారు. అందరినీ తీసుకోలేనని కూడా చెప్పారు. చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు, ఫ్యాన్ల చప్పుడు తప్ప. అప్ప ట్రే పక్కకు జరిపి లేచింది.

“మిషను తియ్యలేని పప్పు కొంత మిగుల్తాది గదా బాబూ. అది మొండి కన్నా మొండి. దాన్ని మావే వలవాల. దానికి రేటు ఏటి?”

ఆయన నా వైపు చూశారు. నేను బోర్డు వైపు చూశాను. అక్కడ మూడు రేట్లే ఉన్నాయి. నాలుగోది ఎంతో తేల్చడానికి వచ్చే మంగళవారం కూర్చుంటున్నాం. పరీక్షకు మిషను కంపెనీ వాళ్లు రెండు బస్తాల పిక్కకు సరిపడా పప్పును తమ దగ్గర ఆడించి పంపిస్తామన్నారు. మిగిలినది అప్ప వలిచి చూస్తుంది.